నాలుగేళ్లుగా వాడుతున్న పాటల ప్లేయర్: నా గొడవంతా చార్జింగ్ దగ్గరే

ఈ ప్లేయర్ 2021 నవంబరులో కొన్నాను. తెర ఎంత, కార్డు ఎంతవరకు పడుతుంది, బరువెంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి అవేవీ మళ్లీ రాయను. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఇంకా చాలా చిన్న చిన్న వస్తువుల్లో ఉందని తర్వాత తెలిసింది, ఒక్కరినే అనడం న్యాయం కాదనిపించింది. నేను రాసేదంతా చార్జింగ్ గురించే. ఆ ఒక్క విషయం నన్ను దాదాపు యాభై రోజులు తిప్పింది, బాగున్న వస్తువుని పారేసేదాకా తీసుకొచ్చింది, ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు.

ముందు నేను ఈ ప్లేయర్‌ని ఎందుకు ఇంత పట్టుకుని కూర్చున్నానో చెప్పాలి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, వనామీ రొయ్యల చెరువులు చేస్తాం. పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి అయ్యేదాకా మూడు నాలుగు నెలలు రాత్రిళ్లు గట్టు మీద పాకలోనే నా పడక. "ఫోన్ ఉందిగా, పాటలు అందులో వినొచ్చుగా" అని అందరూ అడుగుతారు. రాత్రిపూట ఆ ఫోన్ పాటలకి కాదండి. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజాముకి బాగా దిగిపోతుంది, సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వేయాలి, లేకపోతే రొయ్య తేలిపోతుంది. కరెంటు పోయిందని మోటారు స్టార్టరు నుంచి కాల్ వచ్చేది ఆ ఫోన్‌కే. దాని బ్యాటరీ పాటలకి అరగదీసి, మూడు గంటలకి అది ఆగిపోతే నేను ఎవరికి చెప్పుకోవాలి? అందుకే పాటలకి వేరే వస్తువు కావాల్సి వచ్చింది. దానికి బటన్లుండాలి, ఎందుకంటే మేత చల్లి, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే లేపి వచ్చిన తడి చేతులకి టచ్ తెర మాట వినదు.

ఇందులో నేను ఊహించని మంచి ఒకటి దొరికింది. రెండు చెవుల్లోకి విడివిడిగా వెళ్లే శబ్దాన్ని ఒకటిగా కలిపే మోనో సెట్టింగు ఉంది. నేను ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, రెండో చెవి ఏరియేటర్ల మీద ఉండాలి. నీళ్లు కొట్టుకునే ఆ చప్పుడు ఆగితే ఫోన్ మోగకముందే నాకు తెలిసిపోతుంది. స్టీరియోలో ఉన్న పాటని ఒక్క చెవితో వింటే కొన్నిచోట్ల వీణ వినిపించి గొంతు వినపడదు, కొన్నిచోట్ల గొంతే ఉండి తబలా మాయమవుతుంది. మోనో పెట్టాక మొత్తం ఒకే చెవిలోకి వస్తుంది. కొనేటప్పుడు ఇలాంటిది ఉందని కూడా నాకు తెలియదు. మా నాన్నగారు ఊళ్లో నాటకాల్లో పద్యాలు పాడేవారు, ఆయన క్యాసెట్లు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి కార్డులో వేసుకున్నాను, అర్ధరాత్రి దాటాక ఎక్కువగా అవే వింటాను.

ఇంత నచ్చబట్టే మొదటి రెండేళ్లలో ఊళ్లో నలుగురైదుగురి చేత కూడా ఇదే కొనిపించాను. ఒక్కసారి చార్జింగ్ పెడితే మూడు రాత్రులు వస్తుందని చెప్పాను. అప్పట్లో నిజంగానే వచ్చేది. ఇప్పుడు రెండు రాత్రులు రావడమే కష్టం, రెండో రాత్రి రెండున్నర దాటాక మూడో వంతు కంటే తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. నాలుగేళ్ల బ్యాటరీకి అది సహజమేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ నా మాట నమ్మి కొన్నవాళ్లకి ఈ సంగతి తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఇక అసలు గొడవ. 2024 ఆగస్టులో పట్టుబడి అయిపోయింది, చెరువులు ఎండగట్టాం. ప్లేయర్‌ని పాకలో రేకు పెట్టెలో పెట్టి నేను ఇంటికి వచ్చేశాను. అప్పటికి బ్యాటరీలో ఎంతో మిగిలి లేదు, ఆఫ్ చేశాను కదా ఏమవుతుందిలే అనుకున్నాను. నవంబరు ఆఖర్లో మళ్లీ పిల్ల వేయడానికి సిద్ధమై పెట్టె తీస్తే ప్లేయర్ ఆన్ అవలేదు. చార్జింగ్ పెడదామంటే దానితో వచ్చిన వైరుని ఎలుక మధ్యలో కొరికి రెండు ముక్కలు చేసింది. వైరు బయట మేకుకి తగిలించి ఉంచాను, పెట్టెలో పెట్టలేదు, అది నా పొరపాటే.

ఇంటికి తీసుకొచ్చి మా అబ్బాయి కొత్త ఫోన్ చార్జర్‌కి పెట్టాను. రెండు వైపులా సీ పిన్నే, అంటే సన్నటి టైప్-సీ పిన్నే ఉండే వైరు, ఇప్పుడన్నీ అవే కదా. తెర మీద ఏమీ రాలేదు, చిన్న లైటు కూడా వెలగలేదు. తిప్పి పెట్టాను, రాత్రంతా ఉంచాను, పొద్దున చూస్తే చల్లగా అలాగే ఉంది. మా ఆవిడ ఫోన్ చార్జర్‌కి పెట్టినా అంతే. అప్పుడు పక్కింటివాళ్ల దగ్గర వెడల్పాటి పాత యూఎస్‌బీ పిన్నున్న చార్జర్, దాని వైరు ఉంటే అడిగి తెచ్చి పెట్టాను. పది నిమిషాలు చూశాను. ఏమీ రాలేదు. వాళ్లకి వాళ్ల చార్జర్ ఇచ్చేశాను. ఈ పది నిమిషాల మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని దగ్గరే తప్పిపోయింది. ఆ రోజు ఇంకో అరగంట ఆగి ఉంటే నాకు ఈ సమీక్ష రాయాల్సిన పని ఉండేది కాదు.

మూడు చార్జర్లతో రాలేదంటే లోపం ప్లేయర్‌లోనే అని ఎవరైనా అనుకుంటారు, నేనూ అదే అనుకుని భీమవరంలో ఫోన్లు బాగుచేసే ఒక షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు భూతద్దం పెట్టి చూసి "చార్జింగ్ పిన్ను దగ్గర చిలుం పట్టేసిందండి" అన్నాడు, నాకూ చూపించాడు, పచ్చగా ఉంది. మా గట్టు మీద గాలిలో ఉప్పు, తేమ ఎప్పుడూ ఉంటాయి, ఇనప సామాన్లే ఏడాదికి పొరలు లేస్తాయి, అందుకని వెంటనే నమ్మాను. పిన్ను మార్చడానికి 450 రూపాయలు. సాయంత్రం రమ్మన్నాడు, వెళ్లేసరికి బల్ల మీద ప్లేయర్ చక్కగా చార్జింగ్ ఎక్కుతోంది, సగం గీత నిండింది. ఎంత సంతోషంగా ఇంటికొచ్చానో చెప్పలేను.

ఆ రాత్రి విన్నాను, మర్నాడు రాత్రి అయిపోయింది, ఇంట్లో చార్జర్‌కి పెట్టాను. మళ్లీ ఏమీ లేదు.

రెండోసారి షాపుకి వెళ్లాను. అదే బల్ల, అదే వైరు, పెట్టిన నిమిషంలో లైటు వచ్చింది. నా కళ్ల ముందే ఎక్కుతోంది, నేనేం మాట్లాడను? "మీ ఇంట్లో కరెంటే బాగోలేదేమోనండి" అన్నాడు ఆ అబ్బాయి. అతన్ని తప్పు పట్టలేను, మా లైనులో వోల్టేజీ ఎక్కువ తక్కువలవడం అందరికీ తెలిసిన విషయమే. ఇంటికొచ్చి స్టెబిలైజర్ ఉన్న ప్లగ్గులో పెట్టాను, రాలేదు. పాలకొల్లులో మా అత్తగారింటికి వెళ్లినప్పుడు అక్కడ పెట్టాను, అక్కడా రాలేదు. వెళ్లిన ప్రతిచోటికీ నా కొత్త చార్జర్, దాని వైరు కూడా వెంట తీసుకెళ్లాను, మంచి చార్జర్ కదా అని. ఇళ్లు మారుస్తున్నానే గానీ వైరు మార్చడం లేదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

కంపెనీకి మెయిల్ రాశాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. వెనక ఉన్న సన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి రీసెట్ చేయమన్నారు, మేమిచ్చిన వైరే వాడండి అన్నారు. రీసెట్ చేశాను, తేడా లేదు. వాళ్లిచ్చిన వైరు ఎలుక కొరికిందని, వేరేది ఏ రకం కొనాలో చెప్పమని మళ్లీ రాస్తే దానికి జవాబు రాలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. "రెండు వైపులా సీ పిన్నుండే వైరు దీనికి పనికిరాదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే అక్కడితో అయిపోయేది. వాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది?

మూడోసారి వేరే షాపుకి వెళ్లాను. అక్కడతను తన దగ్గరున్న కొత్త రకం చార్జర్‌కి పెట్టి చూసి, రావడం లేదని, లోపల బోర్డు పోయిందని తేల్చాడు. బోర్డు విడిగా దొరకదట, పాత సామాను కింద వంద రూపాయలిస్తానన్నాడు. ఒక షాపులో బాగుందంటారు, ఇంకో షాపులో పోయిందంటారు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి బల్ల మీద వాళ్లకి కనపడేది అదే. నేను ఇవ్వకుండా తెచ్చేసుకున్నాను. పాటలేమీ పోలేదు, కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే అన్నీ ఉన్నాయి, నాన్నగారి పద్యాలు కూడా. కానీ డిసెంబరు రాత్రులన్నీ చప్పుడు లేకుండా గడిచాయి, నిద్ర ఆపుకోవడానికి రెండు మూడు ఫ్లాస్కుల టీ తాగేవాడిని.

సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు వచ్చాడు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. భోగి రోజు సాయంత్రం పాకలో కూర్చుని ఈ గొడవంతా చెప్తుంటే మధ్యలో ఆపి, "మావయ్యా, మొదటి షాపులో ఏ వైరు పెట్టారు, చార్జర్ వైపు పిన్ను వెడల్పుగా ఉందా, సన్నగా ఉందా?" అని అడిగాడు. నాకు గుర్తులేదు. కాసేపు కళ్లు మూసుకుని ఆ బల్ల గుర్తు చేసుకుంటే, వరసగా నాలుగు వెడల్పాటి యూఎస్‌బీ కంతలున్న పెట్టె కనపడింది. "వెడల్పుదేరా" అన్నాను. వాడు సంచిలోంచి తన పాత వైరు తీశాడు, ఒక వైపు వెడల్పు పిన్ను, ఒక వైపు సీ. మా టీవీ వెనకాల ఉన్న యూఎస్‌బీ కంతకి పెట్టాడు. లైటు వెలిగింది.

నేను ఎన్ని రోజులు తిరిగానో, ఎంత ఖర్చు పెట్టానో తలుచుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ వాడు చెప్పిన వివరం మాత్రం బాగా అర్థమైంది, నాకు అర్థమైనట్టే రాస్తాను.

వెడల్పాటి పాత పిన్ను చార్జర్‌లో 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, అవతల ఏది తగిలించినా కరెంటు వస్తుంది. సీ కంత ఉన్న చార్జర్ అలా ఇవ్వదు. అవతల నిజంగా చార్జింగ్ కావాల్సిన వస్తువు ఉందని గుర్తు కనిపిస్తేనే కరెంటు వదులుతుంది, అప్పటిదాకా ఆ కంతలో వోల్టేజీ సున్నా. ఆ గుర్తు ఏమిటంటే, వస్తువు లోపల సీసీ 1, సీసీ 2 అనే రెండు కాళ్ల దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంటే కరెంటుకి కొంత అడ్డుపడే చిన్న ముక్క, ఒక్కోటి చొప్పున ఉండాలి. మన మోటారు స్టార్టరు మూడు ఫేజులూ వచ్చాయని చూసుకున్నాకే మోటారుని ఎత్తుతుంది కదా, ఒకటి లేకపోతే ఎంత నొక్కినా ఎత్తదు. అలాంటిదే ఇది కూడా. చార్జర్ మంచిది కాబట్టే ఇవ్వడం లేదు. నేను ఎంత మంచి చార్జర్ కొంటే అంత ఖాయంగా అది నా ప్లేయర్‌కి కరెంటు ఇవ్వనంటుంది.

కనుమ మర్నాడు వెనక మూత తీసి చూశాం. నాలుగు చిన్న మరలు, అంతే. చార్జింగ్ పిన్ను పక్కనే బోర్డు మీద రెండు ఖాళీ గడులున్నాయి. రెసిస్టర్లు అతికించడానికి వదిలిన చోట్లు అవి, గీత గీసి నెంబరు కూడా వేసి ఉంది, పైన మాత్రం ఏమీ పెట్టలేదు. మల్టీమీటర్ పెట్టి చూసి అవి సీసీ కాళ్ల దగ్గర్నుంచే వస్తున్నాయని వాడు చెప్పాడు. అంటే బోర్డు గీసినవాడికి సంగతి తెలుసు, చోటు వదిలాడు, తయారీలో ఎవరో వద్దనుకున్నారు. విడిగా కొన్నా రూపాయి ఖరీదు చేయవు ఆ రెండూ. నా కోపమంతా ఆ రెండు ఖాళీ గడుల మీదే. తెలియక జరిగిన తప్పయితే ఇంత బాధపడేవాడిని కాదు. తెలియక కూడా పొరపాట్లు జరుగుతాయట, 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మొదటి రకంలో రెండు కాళ్లకీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారని, దానివల్ల కొన్ని ఖరీదైన వైర్లతో అది పని చేయలేదని, తర్వాత సరిచేశారని మా వాడు చెప్పాడు. వాళ్లు ఒప్పుకుని దిద్దుకున్నారు. నాకు కనీసం మెయిల్‌కి జవాబు కూడా రాలేదు.

మరి పక్కింటివాళ్ల వెడల్పు పిన్ను చార్జర్‌తో మొదటి రోజు ఎందుకు రాలేదు? ఇదే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. లిథియం సెల్ మామూలుగా 3.7 వోల్టులంటారు, నిండితే 4.2 ఉంటుంది. అరకొర చార్జింగ్‌తో మూడు నెలలు పెట్టెలో ఉంచాను కదా, ఆఫ్‌లో ఉన్నా ఇలాంటి వస్తువులు లోపల కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. సెల్ 3 వోల్టులకి కిందికి దిగిపోయింది. అంత కిందికి పోయిన సెల్‌కి చార్జింగ్ చిప్ ఒకేసారి పూర్తి కరెంటు ఇవ్వదు, ఇస్తే సెల్ పాడవుతుంది, అందుకని దాదాపు పదో వంతు కరెంటుతో మెల్లగా పైకి లాగుతుంది. ఆ సమయంలో తెర వెలగడానికి కూడా శక్తి ఉండదు. బయటికి చూస్తే చచ్చిన వస్తువులాగే ఉంటుంది. షాపులో పిన్ను మార్చాక బల్ల మీద గంటల తరబడి ఉంది కాబట్టి అది లేచింది, నేను మాత్రం పది నిమిషాలకే పీకేశాను. సరైన వైరు పెట్టినప్పుడు ఓపిక పట్టలేదు, ఓపికగా రాత్రంతా పెట్టినప్పుడు వైరు సరైనది కాదు. రెండు కారణాలూ ఒకదాని చాటున ఒకటి దాక్కున్నాయి. పిన్ను మార్పించడం కూడా అవసరం లేకపోయిందేమో, కానీ చిలుం నిజంగా ఉంది కాబట్టి ఆ 450 రూపాయలు పూర్తిగా వృథా అని అనను.

ఇలాంటి ప్లేయర్, టార్చిలైటు, ట్రిమ్మర్, చిన్న స్పీకర్ ఏదైనా చార్జింగ్ ఎక్కకపోతే షాపుకి వెళ్లేముందు ఈ పని చేయండి. ఒక వైపు వెడల్పు పిన్నున్న వైరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి, పాత అడాప్టర్‌కో టీవీకో తగిలించి, తెర వెలిగినా వెలగకపోయినా ముట్టుకోకుండా గంటన్నర రెండు గంటలు వదిలేయండి. నెలల తరబడి మూల పడున్నదైతే ఇది మరీ ముఖ్యం. అంతకంటే ముందు వెనక భాగం ఉబ్బి ఉందేమో చూడండి, మూత సందు వెడల్పయినా, బల్ల మీద పెడితే ఊగుతున్నా చార్జింగ్ జోలికి వెళ్లొద్దు, బ్యాటరీ మార్పించాల్సిందే. కంతలో దూది, మట్టి ఉంటే పొడి పుల్లతో మెల్లగా తీయండి, సూది పెట్టొద్దు.

పండగ అయ్యాక మా వాడు ప్లేయర్‌ని కాలేజీకి పట్టుకెళ్లి ల్యాబులో రెసిస్టర్లు అతికించాడు. నువ్వుగింజలో సగం కూడా ఉండవు అవి. ఒకటి బాగానే కూర్చుంది, రెండోదాని దగ్గర బోర్డు మీది రేకు వేడికి లేచి వచ్చేసింది, ఇంకా కెలికితే మొత్తం పోతుందని వదిలేశాడు. వాడు చాలా బాధపడ్డాడు గానీ నాకు ఏమీ అనిపించలేదు, చేతనైనంత చేశాడు. ఇప్పుడు రెండు వైపులా సీ పిన్నుండే వైరుతో కూడా ఎక్కుతుంది, కాకపోతే ప్లేయర్ వైపు పిన్ను ఒక పక్కగా పెడితేనే. తిప్పి పెడితే ఎక్కదు. చార్జర్ వైపు ఎటు తిప్పినా తేడా లేదు. వైరులో ఆ గుర్తు మోసే తీగ ఒక్కటే ఉంటుంది కాబట్టి అది రెసిస్టర్ ఉన్న కాలికి తగలాలి. మా ఆవిడ గోళ్లరంగు తీసి పిన్ను మీద ఒక చుక్క, ప్లేయర్ మీద ఒక చుక్క పెట్టింది. చుక్కా చుక్కా కలిపి పెడితే చాలు, చీకట్లో టార్చి వేసి చూసుకుని పెడుతున్నాను.

పవర్ బ్యాంకుతో ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. గట్టు మీద కరెంటు లేని రాత్రుల్లో దాని వెడల్పు కంతకే పెడతాను. బాగానే ఎక్కుతుంది గానీ నిండుతున్న కొద్దీ ప్లేయర్ తీసుకునే కరెంటు తగ్గిపోతుంది, అంత తక్కువ వాడకాన్ని చూసి పవర్ బ్యాంకు ఏమీ తగిలించి లేదనుకుని తనంతట తానే ఆగిపోతుంది. అందుకని ఎప్పుడూ నూటికి తొంభై చిల్లర దగ్గరే నిలుస్తుంది. పోయిందేమో అని మొదట్లో టెన్షన్ పడ్డాను, ఇప్పుడు పట్టించుకోను. ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెడితే కాసేపు ఎక్కి ఆగిపోయింది. లిథియం సెల్ 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ ఎక్కకూడదు, ఆపేయడం దాని రక్షణ కోసమే. దాన్ని తప్పుగా లెక్కపెట్టను. సాయంత్రం చల్లబడ్డాక పెడుతున్నాను.

కొనొచ్చా అని అడిగితే నేను అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేను. యాపిల్ వాళ్లు ఐపాడ్‌ని 2022 మేలో ఆపేశాక పాటలకే అంటూ బటన్లతో ఉండే ప్లేయర్లలో ఏరుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, నాలాగా గట్టు మీదో మిల్లులోనో రాత్రిళ్లు మేలుకునేవాళ్లకి, ఒక్క చెవితో వినాల్సినవాళ్లకి ఆ మోనో సెట్టింగు కోసమైనా ఇది పనికొస్తుంది. ఇంట్లో పాత రకం చార్జర్లు ఇంకా ఉన్నవాళ్లకి నేను పడ్డ బాధ తగలకపోవచ్చు కూడా. అన్నీ కొత్త చార్జర్లే ఉన్న ఇల్లయితే, ప్రయాణాల్లో ఒకే వైరుతో అన్నీ నడిపించాలనుకుంటే మాత్రం వద్దంటాను. మీరు ఏ ప్లేయర్ కొన్నా షాపులోనే రెండు వైపులా సీ పిన్నుండే వైరు పెట్టించి, రెండు పక్కలా తిప్పి చూసి తీసుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే చూసుకోండి. డబ్బా తీయగానే మన చేతిలో ఉండేది వాళ్లిచ్చిన వైరే కాబట్టి లోపం బయటపడదు, వైరు పోయిన రోజున బయటపడుతుంది.

నా మాట మీద కొన్న నలుగురికీ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఒకాయన తన ప్లేయర్ ఏడాది క్రితమే పాడైపోయిందని అటక మీద పడేశానన్నాడు. వెడల్పు పిన్ను వైరు పెట్టి రెండు గంటలు వదిలేయండి అని చెప్పాను. ఆ సాయంత్రం ఆరింటికి ఆయనే ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ప్లేయర్‌ని ఫోన్ దగ్గర పెట్టి పాట వినిపించాడు. నేను మూడు వెడల్పు పిన్ను వైర్లు కొన్నాను, ఒకటి ఇంట్లో, ఒకటి బండి డిక్కీలో, ఒకటి గట్టు మీద రేకు పెట్టెలో మూత బిగించి.